బొమ్మరిల్లు చెప్పిన నిజాలు

చిన్న వంటిల్లు. సింకు దగ్గర సగం చెక్కు తీసిన బంగాళాదుంపలు. ఓ పక్కన ఇస్త్రీ బల్ల. ఓవెన్‌లో కాల్చిన కేకు. చూస్తే ఇల్లాలు ఇప్పుడే పక్కగదిలోకి వెళ్ళినట్టుంది, క్షణంలో తిరిగొచ్చి మిగతా దుంపలు చెక్కేస్తుందేమో అనిపిస్తుంది. కానీ ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. ఓవెన్ ముందే నేలమీద పడివుంది. గ్యాస్ తిప్పి ఉంది. తలుపుల సందుల్లో పాత న్యూస్‌పేపర్లు కుక్కి ఉన్నాయి.

ఆత్మహత్య అని ఎవరైనా ఇట్టే అనేస్తారు. మరి చచ్చిపోదామనుకున్న మనిషి కేకు ఎందుకు కాలుస్తుంది? రాత్రి వంటకి దుంపలెందుకు చెక్కుతుంది?

ఈ వంటిల్లు నిజంగా ఏ ఇంట్లోనూ లేదు. ఇది బొమ్మల వంటిల్లు. అందులో చనిపోయిన ఇల్లాలు కూడా జానెడు లేని బొమ్మే. దీన్ని తయారుచేసింది అరవై దాటిన ఓ అమెరికన్ మహిళ. పేరు ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ. అనుమానాస్పద మరణాలని ఎలా పరిశోధించాలో పోలీసులకి నేర్పడానికి బొమ్మరిళ్ళు కట్టిన మనిషి ఆవిడ. నేర పరిశోధనలో వైద్యశాస్త్రానికి స్థానం కల్పించినవాళ్ళలో ఆవిడ పేరు ఈనాటికీ ముందు వరసలో ఉంటుంది.

గొప్పింటి పిల్ల

ఫ్రాన్సెస్ 1878 మార్చి 25న షికాగోలో పుట్టింది. తండ్రి జాన్ గ్లెస్నర్ వ్యవసాయ యంత్రాల వ్యాపారంలో బాగా గడించినవాడు. తర్వాతి రోజుల్లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ అనే పెద్ద కంపెనీకి ఉపాధ్యక్షుడు కూడా అయ్యాడు. ప్రెయరీ అవెన్యూలో రాతికోటలాంటి ఇల్లు. ఆ ఇంటి నమూనా గీసింది ఆ రోజుల్లో పేరు మోసిన వాస్తుశిల్పి రిచర్డ్‌సన్. ఇప్పుడది మ్యూజియం.

డబ్బుందని తల్లి చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కుట్లూ అల్లికలే కాదు, వెండిపని కూడా నేర్చుకుని సొంతంగా వస్తువులు చేసేది. కూతురికీ చిన్నప్పట్నుంచే కుట్టడం, అల్లడం, చిన్నచిన్న వస్తువులు తయారుచెయ్యడం అలవాటయ్యాయి.

అన్న జార్జికీ ఫ్రాన్సెస్‌కీ ఇంటికే మాస్టార్లొచ్చి చదువు చెప్పేవాళ్ళు. ఇద్దరూ ఒకే పుస్తకాలు చదివారు. అయితే పై చదువు దగ్గరకొచ్చేసరికి దారులు వేరయ్యాయి. అన్న హార్వర్డ్‌కి వెళ్ళాడు. చెల్లెలు ఇంట్లోనే ఉండిపోయింది. హార్వర్డ్ వైద్య కళాశాల ఆడపిల్లల్ని 1945 దాకా చేర్చుకోనేలేదు. ఆ ఇంటి పద్ధతిలో ఆడపిల్లకి చదువు తర్వాత మెట్టు కాలేజీ కాదు, పెళ్ళి.

1898లో, ఇరవయ్యో ఏడు నిండకముందే, బ్లూయెట్ లీ అనే న్యాయవాదితో పెళ్ళయింది. ముగ్గురు పిల్లలు కలిగారు. కానీ కాపురం నిలబడలేదు. కొన్నేళ్ళు విడిగా ఉన్నాక 1914లో విడాకులు తీసుకున్నారు.

తొంభైమంది బుల్లి వాద్యకారులు

ఆ కష్టకాలంలోనే ఫ్రాన్సెస్ చేతుల్లో ఒక అద్భుతం తయారైంది. షికాగో సింఫనీ ఆర్కెస్ట్రా అంటే తల్లికి ప్రాణం. ఆ కళాకారులు ఇంటికి వచ్చిపోయేవాళ్ళు కూడా. అందుకని 1913లో తల్లి పుట్టినరోజుకి ఫ్రాన్సెస్ ఆ ఆర్కెస్ట్రాని మొత్తం బొమ్మల్లో దించింది. తొంభైమంది వాద్యకారులు! ఎవరి వాయిద్యం వాళ్ళకి, ఎవరి దుస్తులు వాళ్ళకి. రిహార్సల్స్‌కి వెళ్ళి కూర్చుని, ఎవరెలా ఉంటారో గమనించి మరీ చేసింది.

చూసినవాళ్ళు ముచ్చటపడి ఉంటారు. పెద్దింటి ఆడవాళ్ళకి మంచి కాలక్షేపమని కూడా అనుకుని ఉంటారు. ఒక మనిషిని చూసి, ఆ చూసినదాన్ని వెంట్రుకవాసి తేడా లేకుండా అంగుళాల్లోకి దించగల ఆ నేర్పు ముందుముందు ఎందుకు పనికొస్తుందో అప్పటికి ఎవరికి తెలుసు? ఆవిడకే తెలీదు.

అన్నగారి స్నేహితుడు

అన్న జార్జితోపాటు హార్వర్డ్‌లో చదివిన స్నేహితుడొకడుండేవాడు, జార్జ్ బర్జెస్ మాగ్రాత్ అని. వైద్యం చదివి, బోస్టన్‌లో మెడికల్ ఎగ్జామినర్ అయ్యాడు. అనుమానాస్పదంగా చనిపోయినవాళ్ళ శవాలని పరీక్షించి, మరణానికి కారణం తేల్చడం ఆయన పని. 1929లో ఫ్రాన్సెస్, మాగ్రాత్ ఇద్దరూ బోస్టన్‌లో ఒకే ఆస్పత్రిలో చికిత్సకి చేరారు. ఆ తీరిక రోజుల్లో ఆయన తను చూసిన కేసుల గురించి కథలు కథలుగా చెప్పేవాడు. ఆవిడ చెవులప్పగించి వినేది. అదే ఏడు అన్న జార్జి చనిపోయాడు.

మాగ్రాత్ బాధ ఒక్కటే. అమెరికాలో చాలాచోట్ల మరణ కారణం తేల్చే అధికారం కరోనర్ చేతిలో ఉండేది. ఆ పదవికి ఎన్నికల్లో గెలిస్తే చాలు, వైద్యం తెలిసుండాలన్న నియమం ఎక్కువచోట్ల లేదు. మాసచూసెట్స్ రాష్ట్రం 1877లోనే కరోనర్లని తీసేసి వైద్యుల్ని పెట్టుకుంది కానీ, మిగతా రాష్ట్రాలు చాలావరకు పాత దారినే పోయేవి. ఇక పోలీసుల సంగతి చెప్పనక్కర్లేదు. రక్తపు మరకల్ని తొక్కుకుంటూ తిరిగేవాళ్ళు. శవాన్ని జరిపేసేవాళ్ళు. సాక్ష్యం చేజేతులా చెడిపోయేది. ఫలితం? హంతకుడు తప్పించుకునేవాడు. ఒక్కోసారి ఏ పాపం తెలియనివాడు ఇరుక్కునేవాడు.

యాభై దాటిన ఫ్రాన్సెస్‌కి తన జీవితం ఎందుకోసమో అప్పుడు తెలిసింది. 1931లో ఆవిడ ఇచ్చిన డబ్బుతో హార్వర్డ్‌లో న్యాయవైద్య శాస్త్రానికి ప్రత్యేక విభాగం మొదలైంది. అమెరికాలో అలాంటిది అదే మొదటిది. 1934లో మాగ్రాత్ పేరుమీద వెయ్యి పుస్తకాలతో గ్రంథాలయం పెట్టించింది. 1936లో మరో రెండున్నర లక్షల డాలర్లిచ్చింది. విద్యార్థినిగా గుమ్మం తొక్కనివ్వని కాలేజీకే ఆవిడ దాతగా వెళ్ళింది! మాగ్రాత్ 1938లో కన్నుమూశాడు. ఆయన చెప్పిన మాటలు మాత్రం ఆవిడ దగ్గర భద్రంగా ఉన్నాయి.

గుండుసూదులతో అల్లిన మేజోళ్ళు

డాక్టర్లు తయారైతే సరిపోదు. శవం దగ్గరికి ముందు వెళ్ళేది పోలీసు. వాళ్ళకి చూడటం నేర్పాలి. ఎలా నేర్పాలి? నేరం జరిగిన చోటికి తరగతి మొత్తాన్ని తీసుకెళ్ళలేం. ఫోటోలో అన్ని మూలలూ కనిపించవు. మరి నేరం జరిగిన గదినే తరగతిలోకి తెస్తే?

1940లలో న్యూహాంప్‌షైర్‌లోని తమ ఎస్టేటు, ది రాక్స్‌లో పని మొదలైంది. రాల్ఫ్ మోషర్ అనే వడ్రంగి గోడలు, తలుపులు, సామాన్లు చేసేవాడు. బొమ్మలు, బట్టలు ఆవిడ వంతు. లెక్క ఖచ్చితం. అడుగుకి అంగుళం. అంటే ఆరడుగుల మనిషి ఆరంగుళాల బొమ్మ అవుతాడు.

ఆ పనితనం వింటే మన చేతివేళ్ళు నొప్పెడతాయి. బొమ్మల కాళ్ళకి తొడిగే మేజోళ్ళు గుండుసూదులతో అల్లేది. బుల్లి సిగరెట్లలో నిజం పొగాకే చుట్టేది. కిటికీలు తెరుచుకుంటాయి. దీపాలు వెలుగుతాయి. ఎలుకల బోను పనిచేస్తుంది. కాలిపోయిన గుడిసె కావాల్సి వస్తే, ముందు మంచి గుడిసె కట్టించి, తర్వాత దాన్ని మంటతో కాల్పించింది.

అన్నిటికన్నా శ్రద్ధ చనిపోయిన బొమ్మల మీదే. గ్యాస్ పీల్చి చనిపోయినవాళ్ళ ఒళ్ళు ఎర్రబారుతుంది. అందుకే వంటింటి బొమ్మ బుగ్గలకి ఆ రంగే వేసింది. చనిపోయి ఎన్ని గంటలైందో చెప్పే చర్మం మీది మచ్చలు, బిగుసుకుపోయిన కాళ్ళూ చేతులూ, రక్తం చిందిన తీరు, ఏదీ ఊహించి చెయ్యలేదు. నిజం కేసుల్లోంచి వివరాలు తీసుకుని, పేర్లూ కొన్ని సంగతులూ మార్చింది. ఒక్కో గదికి అప్పటి రోజుల్లో ఒక మామూలు ఇల్లు కట్టినంత ఖర్చయ్యేదంటారు.

వాటికి నట్‌షెల్ స్టడీస్ అని పేరు పెట్టింది. దోషికి శిక్ష పడాలి, నిర్దోషి బయటపడాలి, చిన్న కాయపెంకులో ఇమిడినట్టున్న నిజం దొరకాలి అని పోలీసుల్లో వాడుకలో ఉన్న మాటలోంచి వచ్చిన పేరది.

అదే కాలంలో అదే దేశంలో, బయటా, గొప్పింటివాళ్ళ బొమ్మరిళ్ళు చాలానే తయారయ్యాయి. ఇంగ్లండులో క్వీన్ మేరీ కోసం 1924లో పూర్తిచేసిన బొమ్మరిల్లు విండ్సర్ కోటలో ఉంది. దాని రూపశిల్పి మన న్యూఢిల్లీ కట్టిన లటియన్సే. షికాగోలోనే మిసెస్ థార్న్ చేయించిన బొమ్మ గదులు 68 ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అవన్నీ రాజభవనాలు, మేడలు, పట్టు తెరలు. కోటలాంటి ఇంట్లో పెరిగిన ఫ్రాన్సెస్ మాత్రం అద్దె గదులూ, చెక్క గుడిసెలూ, మాసిన వంటిళ్ళూ కట్టింది. ఎందుకంటే అక్కడ పోయినవాళ్ళ గురించి ఎవరూ పెద్దగా ఆరా తియ్యరు. ఆమె బొమ్మల్లో చనిపోయినవాళ్ళు ఎక్కువమంది ఆడవాళ్ళే. అదీ ఇంట్లోనే, నాలుగు గోడల మధ్యే.

తొంభై నిమిషాలు

1943లో న్యూహాంప్‌షైర్ రాష్ట్ర పోలీసు శాఖ ఆవిడని కెప్టెన్‌గా నియమించింది. అప్పటికి వయసు 65. 1945 నుంచి హార్వర్డ్‌లో ఏడాదికి రెండుసార్లు, వారం రోజులపాటు పోలీసు అధికారులకి శిక్షణ మొదలైంది. డాక్టర్ల ఉపన్యాసాలు, ఆపైన బొమ్మరిళ్ళు. ఒక్కొక్కరికి తొంభై నిమిషాల సమయం. పక్కన సాక్షుల వాంగ్మూలం కాగితం ఉంటుంది. అందులో ఉన్నదంతా నిజమై ఉండాలని లేదు.

ఉదాహరణకి, ఓ పశువుల కొట్టంలో రైతు ఉరికి వేలాడుతుంటాడు. భార్య చెప్పేదేమిటంటే, మాట నెగ్గించుకోవాలనుకున్నప్పుడల్లా ఆయన కొట్టంలోకి పోయి, బకెట్టెక్కి, మెడకి ఉరి తగిలించుకుని బెదిరిస్తాడట. ఈసారి బకెట్టు దొరక్క చెక్కపెట్టె ఎక్కాడట. అది విరిగింది. ఇది బెదిరింపు బెడిసికొట్టడమా, ఇంకేమైనానా? పెట్టె చూడాలి, తాడు చూడాలి, చుట్టూ అంతా చూడాలి. ముందే ఒక నిర్ణయానికొచ్చి దానికి తగిన సాక్ష్యం వెతుక్కోకూడదు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, వరసగా, ఏదీ వదలకుండా చూడాలి. ఆవిడ నేర్పింది అదే.

ఆలోచిస్తే ఇది మనకి కొత్తకాదు. వారం రోజులు ఊరెళ్ళొచ్చి గుమ్మంలో అడుగుపెట్టగానే ఏ గిన్నె చోటు మారిందో, ఏ డబ్బా మూత సరిగా పెట్టలేదో ఇల్లాలికి ఇట్టే తెలిసిపోతుంది. సగం చెక్కిన దుంప అర్థమేమిటో రోజూ దుంపలు చెక్కేవాళ్ళకి ఒకరు చెప్పాలా? ఆ చూపునే ఫ్రాన్సెస్ పోలీసులకి పాఠంగా పెట్టింది.

శిక్షణ చివర్లో ఖరీదైన హోటల్లో విందు. వడ్డన దగ్గర్నుంచి పూల అలంకరణ దాకా ఆవిడే చూసుకునేది. పెర్రీ మేసన్ నవలల రచయిత ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ కూడా ఆ తరగతులకి వచ్చాడు. తన నవల ఒకటి ఆవిడకి అంకితమిచ్చాడు. ఇక ఆ హార్వర్డ్ వైద్య కళాశాల ఆడపిల్లల్ని తొలిసారి చేర్చుకున్నదీ 1945లోనే. ఫ్రాన్సెస్‌కి అప్పుడు 67 ఏళ్ళు.

ఇంకా పాఠం చెబుతూనే...

1962 జనవరి 27న, 83వ ఏట, ది రాక్స్‌లోనే ఆవిడ వెళ్ళిపోయింది. కొద్ది సంవత్సరాల్లోనే హార్వర్డ్ ఆ విభాగాన్ని మూసేసింది. బొమ్మరిళ్ళు ఏ గోదాములోనో మగ్గిపోవాల్సినవే. కానీ ఆ విభాగంలో శిక్షణ పొందిన డాక్టర్ రసెల్ ఫిషర్ వాటిని బాల్టిమోర్‌కి, మేరీలాండ్ రాష్ట్ర చీఫ్ మెడికల్ ఎగ్జామినర్ కార్యాలయానికి తెప్పించాడు. అక్కడ 18 గదులున్నాయి. ఆవిడ పేరుమీద పోలీసు శిక్షణ అక్కడ కొనసాగింది. జవాబులు మాత్రం బయటపెట్టరు. పెడితే ఇక పాఠమేముంది?

2017లో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ వారి రెన్విక్ గ్యాలరీ వాటిని మొదటిసారి అన్నిటినీ ఒకచోట చేర్చి జనానికి చూపించింది. ఆ సందర్భంలో పాత బల్బుల వేడికి బొమ్మలు పాడవకుండా చిన్న ఎల్ఈడీ దీపాలు అమర్చారు. బొమ్మలు చేసిన డెబ్భై ఏళ్ళకి ఆవిడ చేతిపని కళగా కూడా గుర్తింపు పొందింది.

మన దేశంలో, పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడపిల్ల ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా పోస్ట్‌మార్టమ్ తప్పదని 1983లో చట్టం మార్చాల్సి వచ్చింది. స్టౌ పేలిందనో, కాలుజారిందనో చెప్పేస్తే నమ్మి ఊరుకోవద్దని దాని అర్థం. కాగితం మీద చట్టం ఉంటే సరిపోదు. ఆ వంటింట్లోకి మొదట అడుగుపెట్టిన మనిషి కళ్ళు తెరిచి చూడాలి. మేజోళ్ళు అల్లుతూ, బుల్లి కర్టెన్లు కుడుతూ ఫ్రాన్సెస్ లీ ఇరవై ఏళ్ళపాటు అడిగింది అదొక్కటే.