డాక్టర్ రాక్స్‌బర్గ్ - పేరులేని మన చిత్రకారులు

ఫాల్గుణం వచ్చిందంటే ఉదయగిరి కొండ పక్కన మోదుగ చెట్లకు ఆకు కనపడదు, అంతా పువ్వే. ఉర్దూలో మనం ఢాక్ అంటాం. ఈ పువ్వును రెండు వందల ఏళ్ళ క్రితమే రంగుల్లో గీయించి లోకానికి చూపించిన మహనీయుడు డాక్టర్ విలియం రాక్స్‌బర్గ్.

ఆయన 1751లో స్కాట్లాండులో పుట్టారు. 1776లో కంపెనీవారి వైద్యుడిగా మద్రాసు వచ్చారు. 1781 నుంచి గోదావరి ప్రాంతంలోని సామర్లకోటలో ఉన్నారు. అక్కడ తోట వేసి మిరియం, నీలిమందు పండించి చూశారు. 1787లో కోరింగ దగ్గర సముద్రం పొంగి వేల మంది చనిపోయారు. ఆ ఉప్పెనలోనే ఆయన పుస్తకాలు, సేకరించిన మొక్కలు పోయాయి. అయినా దిగులుపడి కూర్చోలేదు, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. తర్వాత సర్కారు జిల్లాల్లో కరువు వచ్చినప్పుడు, కొబ్బరి, పనస లాంటి చెట్లు నాటిస్తే వానలు లేని ఏడు కూడా బీదలకు ఇంత తిండి దొరుకుతుందని పైవారికి రాశారు.

మన దేశపు చిత్రకారులను జీతానికి పెట్టుకుని, కోసి తెచ్చిన కొమ్మను ఎదురుగా ఉంచి గీయించేవారు. కొమ్మ, ఆకు, మొగ్గ ఒకచోట. పువ్వును విప్పి రేకులు, కేసరాలు, కాయ విడివిడిగా కింద. చిలుక ముక్కులాంటి మోదుగ మొగ్గ వంపు చూస్తే కళ్ళు తిప్పుకోలేం. ఈ బొమ్మల్లో 300 ఎంచి, 1795 నుంచి 1820 దాకా లండనులో మూడు పెద్ద సంపుటాలుగా అచ్చువేశారు. దాని పేరు కోరమాండల్ తీరపు మొక్కలు. మన తెలుగు పేర్లు కూడా అందులో రాయించారు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టు బొమ్మ అందులో ఉంది. తర్వాత ఆ తెలుగు పేరే శాస్త్రంలో స్థిరపడింది.

1793లో ఆయన కలకత్తా తోటకు అధికారిగా వెళ్ళారు. అక్కడా బొమ్మలు గీయించడం మానలేదు. మొత్తం 2,500 దాటాయి. ఆరోగ్యం చెడి 1813లో ఇండియా విడిచి, 1815లో ఎడింబరోలో కన్నుమూశారు. మూడో సంపుటం పూర్తికావడం చూడలేకపోయారు.

ఎన్నో మొక్కల శాస్త్రనామాల చివర ఆయన పేరు ఈనాటికీ నిలిచివుంది. గీసిన చేతుల పేర్లు మాత్రం ఆ పుస్తకంలో లేవు. మన ఉదయగిరిలో నర్ది, కలివి కర్రతో చెంచాలు చెక్కి, పిడి మీద పువ్వులు తీర్చే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్నారు. ఆ చెంచాలు ఊళ్ళు దాటిపోతాయి, చెక్కినవారి పేరు వెంటపోదు. ఉదయగిరిలోగాని, ఆత్మకూరులోగాని మన పిల్లలకు బొమ్మవేసే చెయ్యి ఉంటే తల్లిదండ్రులు మందలించవద్దు. పలకో కాగితమో ఇచ్చి, మోదుగ కొమ్మ ముందుపెట్టి గీయమనండి. బొమ్మ కింద వాళ్ళ పేరు వాళ్ళచేతనే రాయించండి.