రాస్‌కు దారి చూపిన ప్యాట్రిక్ మాన్సన్

మలేరియా పాఠం చెప్పేటప్పుడు, 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో పరాన్నజీవిని చూసిన సంగతి తప్పక చెబుతాం. ఆయనను దోమల వైపు మళ్లించిన ప్యాట్రిక్ మాన్సన్ పేరు మాత్రం చెప్పకుండానే గంట కొట్టేస్తారు.

మాన్సన్ 1844లో స్కాట్లండ్‌లో పుట్టారు. అబర్డీన్‌లో వైద్యం చదివి, 1866లో చైనా కస్టమ్స్ శాఖ వైద్యుడిగా ఫార్మోసా వెళ్లారు. తర్వాత అమోయ్ రేవుకు మారారు. అక్కడ బోదకాలు ఎక్కువ. గోదావరి జిల్లాల వాళ్లకు, యానాం వాళ్లకు ఆ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. రోగుల రక్తంలో వేల కొద్దీ పిల్ల పురుగులు కనిపించేవి. అవన్నీ అక్కడే పెరిగితే మనిషి బతకడు కదా, కాబట్టి రక్తం తాగే ప్రాణి ఏదో వాటిని బయటికి తీసుకుపోతోందని మాన్సన్ ఊహించారు. 1877లో, ఒంట్లో ఆ పురుగులున్న తన తోటమాలి హిన్-లోను దోమల మధ్య పడుకోబెట్టారు. తెల్లారి ఆ దోమలను పట్టి కోసి చూస్తే, పురుగులు పెరుగుతున్నాయి! రోగం మోసేది దోమేనని మొదటిసారి తేలింది అలా. తోటమాలి ఇష్టాన్ని ఎంతవరకు అడిగారో అన్న ప్రశ్న మాకు ఉండనే ఉంది.

ఈ పురుగులు రాత్రిపూటే రక్తంలో గుమిగూడతాయని కూడా ఆయనే కనిపెట్టారు. మన ఊళ్లలో బోదకాలు పరీక్షకు రాత్రి రక్తం తీసేది అందుకే.

ఒక్కచోట పొరబడ్డారు. దోమ నీళ్లలో చచ్చిపోతే, ఆ నీళ్లు తాగినవాళ్లకు రోగం వస్తుందనుకున్నారు. 1894లో లండన్‌లో రాస్‌కు మలేరియా పరాన్నజీవిని చూపించి, దోమలను వెతకమన్నప్పుడూ అదే నమ్మకం. రాస్ అలాంటి నీళ్లు మనుషులచేత తాగించి చూశారు కూడా. 1898లో కలకత్తాలో పక్షుల మీద చేసిన పరిశోధనలో, రోగం దోమకాటుతోనే వస్తుందని రాస్ తేల్చారు. 1900లో రోమ్ నుంచి తెప్పించిన దోమలచేత మాన్సన్ లండన్‌లో సొంత కొడుకునే కుట్టించారు. అబ్బాయికి మలేరియా వచ్చింది, క్వినైన్‌తో తగ్గింది.

మాన్సన్ 1922లో మరణించారు. అన్ని పురుగులున్నా ఆ తోటమాలి రోజూ పనిచేసుకోగలిగాడంటే, ఆ పురుగులు ఒంటి రక్షణ వ్యవస్థను జోకొడతాయి కాబట్టేనని ఇప్పుడు తెలుసు. అలా నిద్రపుచ్చిన ఒంట్లోకి మలేరియా కూడా వస్తే? కొన్నిచోట్ల జబ్బు తీవ్రత తగ్గిందని, మరికొన్నిచోట్ల పెరిగిందని పరిశోధనలు చెబుతున్నాయి. ఏ పురుగు, ఎంత వయసు, ఎన్నాళ్ల నుంచి అన్నదాన్ని బట్టి జవాబు మారుతోంది.