ఆదివారం మాత్ర

మా రాజోలు నుంచి చించినాడ వంతెన దాటితే పాలకొల్లు, ఇంకాస్త ముందుకెళ్తే భీమవరం. ఆ భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన ఒకాయన గురించి నాకు సెకండియర్ దాకా తెలీదు. తెలిసింది కూడా పుస్తకంలో కాదు, మందుల చీటీ వల్ల.

మా మావయ్య కొడుక్కి ఏడేళ్లు. జ్వరం తగ్గట్లేదు, ముఖం పాలిపోయింది, దెబ్బ తగలకుండానే కాళ్ల మీద నీలం మచ్చలు. రక్త పరీక్షలో అనుమానం వచ్చింది, ఎముక మజ్జ పరీక్షలో ఖాయమైంది: అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా. పెద్ద కీమో అంతా అయ్యాక ఇంటి దగ్గర వేసే మందుల్లో ఒకటి వారానికి ఒక్కసారే. మా అత్తయ్య దానికి ఆదివారం పెట్టుకుంది. పేరు మెథోట్రెక్సేట్. ఫోన్‌లో వెతికితే ఒక తెలుగు పేరు కనిపించింది. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయనేం ర్యాంకర్ కాదండీ. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. తోడబుట్టినవాణ్ని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టినందుకు ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, పూర్తి డిగ్రీ బదులు ఎల్.ఎం.ఎస్. మాత్రమే చేతికొచ్చింది. మావగారి సాయంతో బోస్టన్ చేరి, చదువుకుంటూ రాత్రిళ్లు ఆసుపత్రిలో బెడ్‌పాన్లు కడిగారు. ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి కనిపెట్టారు, కండరాల్లో ఏటీపీని గుర్తించారు. అయినా హార్వర్డ్‌లో పర్మనెంట్ ఉద్యోగం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్లిపోయారు.

అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్ తయారు చేసింది. డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ తరహా పదార్థాల్ని ల్యుకేమియా పిల్లలకిస్తే జబ్బు ఇంకా ముదిరినట్టు కనిపించింది. అయితే దానికి ఎదురు పనిచేసేది ఇస్తే? సుబ్బారావు టీమ్ ఫోలిక్ యాసిడ్‌ని పోలిన నకిలీని చేసిచ్చింది, అదే అమినోప్టెరిన్. తాళంలో దొంగ తాళంచెవి ఇరుక్కున్నట్టు అది కణంలో ఇరుక్కుంటే, కొత్త డీఎన్ఏ తయారవదు. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు: 16 మంది పిల్లల్లో 10 మందికి గుణం కనిపించింది. అది కొన్ని నెలల ఊరటే, కానీ అంతకుముందు అదీ లేదు. దాని తమ్ముడే మెథోట్రెక్సేట్.

ఇది అన్ని బ్లడ్ క్యాన్సర్లకీ మందు కాదు. పెద్దవాళ్లలో ఎక్కువగా వచ్చే మైలాయిడ్ రకాల వైద్యం వేరు. క్రానిక్ మైలాయిడ్‌కి ఇమాటినిబ్ మాత్ర 2001లో గానీ రాలేదు.

బోదకాలు రాకుండా మన ఊళ్లలో పంచే డీఈసీ మాత్ర కూడా సుబ్బారావు గారి ల్యాబ్ నుంచి వచ్చిందే. మా నాయనమ్మ అది ఎన్నిసార్లు మింగిందో! ఆయన పేరు మాత్రం ఎప్పుడూ వినలేదు.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, నిద్రలోనే పోయారు. మళ్లీ భీమవరం చూడలేదు.

మావాడు ఇప్పుడు మూడో క్లాసు. ఇంకా కొన్ని ఆదివారాలు మిగిలున్నాయి. మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వదలకపోయినా, ఊరికే మచ్చలొస్తున్నా, ముందు ఒక రక్త పరీక్ష చేయించండి. ఆ తర్వాతే మిగతా మాటలు.