24 ఏళ్ళ వయసులో మళ్ళీ పుస్తకం పట్టిన దుర్గాబాయి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు మాలో చాలామందికి క్విజ్ పోటీల బిట్‌గానే తెలుసు. ఆంధ్ర మహిళా సభను స్థాపించినది ఎవరు అంటే టక్కున చెప్పేస్తాం. కానీ ఆమె మెట్రిక్యులేషన్ చదువు మొదలుపెట్టింది జైలు నుంచి వచ్చాక, 24 ఏళ్ళ వయసులో అని తెలిసి ఆశ్చర్యపోయాం. మాలో కూడా టెన్త్ తప్పి ఏడాదిపాటు ఇంటి దగ్గర ఉండిపోయి, మళ్ళీ ట్రంకు పెట్టె మోసుకుంటూ హాస్టల్‌కు వచ్చినవాళ్ళున్నారు. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఆమె జీవితాన్ని ఎంచుకున్నాం.

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టి, కాకినాడలో పెరిగారు దుర్గాబాయి. 8 ఏళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక తాను కాపురానికి రానని, వేరే పెళ్ళి చేసుకోమని భర్తకు చెప్పేశారు. ఇంట్లోవాళ్ళు ఆమె మాట కాదనలేదు. నిజం చెప్పాలంటే అలాంటి అండ మా అందరికీ ఉండదు. ఆమె పుట్టిన కులం, కుటుంబం వేరు, మావి వేరు. అది మరచిపోయి రాయడం మాకిష్టం లేదు.

1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలను ఆయన దగ్గరికి తీసుకువెళ్ళడం, 1923 కాకినాడ కాంగ్రెస్ సభల సమయంలో టికెట్ లేదని నెహ్రూనే గేటు దగ్గర ఆపడం అందరూ చెప్పుకునే కథలే. అప్పటికే ఆమె కాకినాడలో ఆడవాళ్ళకు హిందీ పాఠశాల నడుపుతుండేవారు. ఇంగ్లీషు చదువు వద్దని తన బడి మాత్రం చిన్నతనంలోనే మానేశారు.

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని అరెస్టయ్యారు. 1933 వరకు మూడుసార్లు జైలుకు వెళ్ళారు. వెల్లూరు జైల్లో ఉన్నప్పుడు హత్యా నేరాల మీద శిక్ష పడిన పల్లెటూరి ఆడవాళ్ళను చూశారు. వాళ్ళకు అక్షరం రాదు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియదు, చెప్పేవాళ్ళూ లేరు. ప్లీడరు చదువు చదివి ఇలాంటివాళ్ళ తరఫున నిలబడాలన్న కోరిక ఆమెకు అక్కడే కలిగింది. తర్వాత మదురై జైల్లో ఏడాదిపాటు ఒంటరి గదిలో పెట్టారు. ఉరిశిక్ష పడిన ఖైదీల కేకలు వినిపించే చోటు అది. బయటికి వచ్చేసరికి ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది.

ఉద్యమంలో అంత పేరు తెచ్చుకున్న మనిషి, రాజకీయాలు పక్కన పెట్టి చదువుకు కూర్చున్నారు. ప్లీడరు కావాలంటే మెట్రిక్యులేషన్ నుంచి మొదలుపెట్టాలి. చిన్నప్పుడు కాదన్న ఇంగ్లీషునే ఇప్పుడు కష్టపడి నేర్చుకోవాలి! బెనారస్ విశ్వవిద్యాలయం నుంచి మెట్రిక్, తర్వాత ఇంటర్మీడియట్ పూర్తిచేశారు. డిగ్రీలో రాజనీతి శాస్త్రం చదువుతానంటే అక్కడ ఆడవాళ్ళకు ఆ సబ్జెక్టు లేదన్నారు. దాంతో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు.

ఇక్కడ మరో చిక్కు. అమ్మాయిలకు హాస్టల్ లేదు కాబట్టి సీటివ్వలేమని వైస్ చాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు చెప్పారు. దుర్గాబాయి వెనక్కి తిరిగి వెళ్ళలేదు. హాస్టల్ లేక చదువు ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమని పత్రికల్లో ప్రకటన ఇచ్చారు. పదిమంది దాకా కూడారు. అందరూ కలిసి ఒక చోటు చూసుకుని తామే హాస్టల్ పెట్టుకున్నారు. సీటు వచ్చింది. ఈ సంగతి చదివిన రాత్రి మా గదిలో చాలాసేపు దీని గురించే మాట్లాడుకున్నాం. ఇంతవరకు మాలో ఎవరికీ హాస్టల్ అంటే మెస్సు, నీళ్ళ బకెట్ల వరస, స్టడీ అవర్ తప్ప మరో ఆలోచన రాలేదు.

ఆ తర్వాత మద్రాసులో లా చదివి 1942లో న్యాయవాది అయ్యారు. ఈలోగానే, 1937లో, ఆంధ్ర మహిళా సభ మొదలైంది. తనలాగే ఆలస్యంగా బెనారస్ మెట్రిక్ పరీక్షకు కూర్చునే ఆడపిల్లలకు పాఠాలు చెప్పడంతోనే దానికి పునాది పడింది. 1946లో రాజ్యాంగ సభ సభ్యురాలయ్యారు, 1952లో ప్రణాళికా సంఘంలో చేరారు. 1953లో సి.డి. దేశ్‌ముఖ్ గారిని వివాహం చేసుకున్నారు. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. మధ్యలో చదువు ఆగిన పెద్ద వయసు స్త్రీలు రెండేళ్ళలో పరీక్షకు తయారయ్యే కోర్సులను 1958లో ఆ బోర్డే ప్రారంభించింది. 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు, 1981 మే 9న కన్నుమూశారు.

పదవుల జాబితాలో కనిపించని విషయం ఒకటుంది. ఆమె మాట ప్రకారం మొదటి భర్త మరో పెళ్ళి చేసుకున్నారు. 1941లో ఆయన చనిపోయాక, ఆ రెండో భార్య వచ్చి చేరింది దుర్గాబాయి దగ్గరికే. మహిళా సభలో ఆమెకు చేతిపనులు నేర్పించారు. కొంతకాలానికి ఆమె హైదరాబాద్‌లో చేతిపనుల టీచరై తన కాళ్ళ మీద తాను నిలబడ్డారు.