పుల్లలలో చుట్టములను గన్న చిత్రకారుడు

వంగదేశపు చిత్రకారులలో అగ్రగణ్యుడగు అవనీంద్రనాథ ఠాకూరుగారి పేరు మన విద్యార్థులలో పెక్కురు వినియుందురు. ఆయన 1905లో వ్రాసిన భారతమాత పటమును చూచియునుందురు. అయితే ఆ మహనీయుడు వార్ధక్యమున కుంచెను ప్రక్కనుంచి, లోకులు పారవేసిన పుల్లలను, కాగితపు ముక్కలను ఏరికొని కళాఖండములు చేసెనను సంగతి కొలదిమందియే యెరుగుదురు. ఆ సంగతి తెలుపుటకే మేము ఈ చరిత్రమును వ్రాయ బూనితిమి.

ఆయన 1871వ సంవత్సరము ఆగష్టు 7వ తేదీన కలకత్తాలో, జొరాసాంకోలోని ఠాకూరుల యింట జన్మించెను. రవీంద్రనాథునకు అన్నకుమారుని వరుస. మొదట ఐరోపా గురువుల యొద్ద వారి పద్ధతిని నేర్చెను గాని, దానిచే ఆయన మనస్సు తృప్తినొందలేదు. మొగలాయి చిత్రములను పరిశీలించి, స్వదేశపు రీతిని వెదకసాగెను. ఇంతలో ఆయన ముద్దుబిడ్డ ప్లేగు వ్యాధిచే మరణించెను. ఆ దుఃఖమునంతయు షాజహాను అవసానకాలమును దెలుపు పటమున నింపెను. ముసలి చక్రవర్తి మరణశయ్యపైనుండి దూరముననున్న తాజమహలును చూచుచుండుట అందలి విషయము. దానితో ఆయన కీర్తి దేశమంతట వ్యాపించెను.

1905లో హేవెల్ దొరగారి ప్రోత్సాహమున కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలకు ఉపాధ్యక్షుడయ్యెను. మన రాజ్యాంగ గ్రంథపు పుటలను చిత్రములతో అలంకరించిన నందలాల్ బోసు ఆయన శిష్యుడే. ఆ గాలి తెలుగునాటను వీచెను. బందరు ఆంధ్రజాతీయ కళాశాలలో ప్రమోదకుమార చటోపాధ్యాయుడు ఆ సంప్రదాయమును బోధింపగా అడివి బాపిరాజుగారు నేర్చికొనిరి. మన సీమలోని మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలకు అధ్యక్షత వహించిన జేమ్సు కజిన్సు దొరగారు 1918లో ప్రకటించిన తమ గ్రంథమున ఈ వంగ చిత్రకారులను ప్రశంసించిరి.

ఇంతటి గౌరవము నొందిన పిమ్మట మరియొకరైన ఆ దారినే నడచియుందురు. ఆయన అట్లు చేయలేదు. 1930లో అరేబియా రాత్రుల కథలను చిత్రమాలగా వ్రాసి ముగించి, కొంతకాలమునకు బాలుర కొరకు రామకథను మన వీధిభాగవతములను బోలు జాత్రా నాటకముగా వ్రాయ మొదలిడెను. ఆ వ్రాతప్రతి పుటలపై వార్తాపత్రికల ప్రకటనలను, సరకుల పొట్లములకు అంటించు చీటీలను, బొమ్మలను కత్తిరించి అతికించెను. అంగడివాడు అమ్మకమునకై అచ్చొత్తించిన కాగితము ఆ పుటలలో రామకథకు అలంకారమయ్యెను.

తరువాత ఎండుకొమ్మలను, వేళ్లను, వెదురుముక్కలను చేరదీసి బొమ్మలు చేయసాగెను. వానికి ఆయన పెట్టిన పేరు కుటుం కాటాం. కుటుమనగా చుట్టము, కాటామనగా చట్రము, ఆకారము. ఈ పనిలో చెక్కుట తక్కువ, చూచుట ఎక్కువ. పుల్లను అటునిటు త్రిప్పి, అందు దాగియున్న పక్షినో మృగమునో మనుష్యునో కనుగొని, అవసరమైనంత మాత్రమే తీసి, అవసరమైనంత మాత్రమే చేర్చును. కొయ్యకు తన యిష్టమును విధింపక, దాని యిష్టమును విచారించి తెలిసికొనుట ఇందలి రహస్యము.

ఆ దినములు సుఖదినములని తలపరాదు. 1941లో సరిగా ఆయనకు 70 ఏండ్లు నిండిన దినముననే రవీంద్రుడు పరమపదించెను. పుట్టి పెరిగిన యిల్లు చేజారగా వరాహనగరమున వేరొక యింటికి మారవలసివచ్చెను. పిమ్మట విశ్వభారతి ఆచార్యపదవిని వహించెను. ఇట్లు పోగొట్టుకొనిన వృద్ధుడు, ఇతరులు పోగొట్టిన వానిని చేరదీసి చుట్టములని పిలుచుట గమనింపదగినది. 1951 డిసెంబరు 5న ఆయన కాలధర్మము నొందెను.

ఈ గుణము మనకు క్రొత్త గాదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీట నానవేసియే కదా తమ నల్లరంగును తీయుదురు! అయిదువేలమందికి ఆహారమిడిన ప్రభువు సయితము మిగిలిన ముక్కలను పండ్రెండు గంపలకెత్తించెను గాని నేలపాలు గానీయలేదు.

విద్యార్థులారా, మన పాఠశాల వెనుక చింతపుల్లలు, అట్టపెట్టెలు, అగరువత్తుల గొట్టములు కుప్పపడియుండును. ఒకదానిని చేతికి తీసికొని నాలుగు ప్రక్కల త్రిప్పి చూడుడు. తోడి ఉపాధ్యాయులకును మా మనవి యొకటి కలదు. పనికిరాడని వెనుకబల్లకు త్రోయబడిన బాలుడు ప్రతి తరగతిలోను ఒక్కడైన నుండును. పుల్లను త్రిప్పి చూచినంత ఓపికతో వానినిగూడ చూతము. వానిలో ఏ రూపు దాగియున్నదో చూడకమున్నే నిర్ణయింపరాదు.