గాంధీ దగ్గరికి గోరా ఎందుకు వెళ్లారు?



మనం నలుగురం కూర్చున్న చోట ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంటుంది. ఇరవై రెండు ప్రతిజ్ఞలు తీసుకున్నాం, దేవుళ్లని ఇంట్లోంచి పంపించేశాం, ఇంకా దేవుణ్ణి నమ్మేవాళ్లతో మనకి వాదనలెందుకు, వాళ్ల దారి వాళ్లది మన దారి మనది అని కొందరు అంటారు. అటువైపు భక్తులు కూడా ఇదే ప్రశ్నని తిరగేసి అడుగుతారు. దేవుడు లేడని నమ్మేవాడికి దేవుడి గురించి మాటలెందుకు, లేనిదాని గురించి అంత కంఠశోష దేనికి అని. మీ పెదనాన్నో, మీ పక్కింటి మాస్టారో మిమ్మల్ని ఈ మాట అడిగే ఉంటారు.

దీనికి పుస్తకాల్లోంచి జవాబు తీసి చెప్పొచ్చు. అలా కాకుండా ఒక మనిషి బతుకుని మీ ముందు పెడతాను. ఆయన బౌద్ధుడు కాదు, మనవాడని చెప్పుకోవడానికీ లేదు. పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో, జీవితమంతా నాస్తికుడిగా బతికారు. అయినా ఆయన కథ మనం తెలుసుకోవాల్సిందే అని నా అభిప్రాయం.

గోపరాజు రామచంద్రరావు. ఇంటిపేరులోంచి ఒక అక్షరం, సొంత పేరులోంచి ఒక అక్షరం తీసుకుని గోరా అయ్యారు. 1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు ఒడిశాలో ఉంది. మద్రాసులో వృక్షశాస్త్రం ఎం.ఏ. చదివారు. 1922లో సరస్వతి గారితో పెళ్లి, అప్పటికి ఆమెకి 10 ఏళ్లు. ఆ కాలపు ఆచారం అది. తర్వాత ఆ ఆచారాలన్నిటినీ ఇద్దరూ కలిసే ఎదిరించారు.

చదువు చెప్పడం ఆయన వృత్తి. మధురైలో, కోయంబత్తూరులో, కొలంబోలో పనిచేశారు. కొలంబోలో పనిచేసింది ఆనంద కళాశాలలో, అంటే బౌద్ధుల విద్యాసంస్థలో. కాకినాడలో దెయ్యాలున్నాయని జనం భయపడే ఇంట్లో కాపురం పెట్టి, దెయ్యమూ లేదు ఏమీ లేదని చూపించారు. జంధ్యం వేసుకోనన్నందుకు కన్నవాళ్ల ఇల్లు వదలాల్సి వచ్చింది. 1933లో కాకినాడ పి.ఆర్. కాలేజీ ఉద్యోగం పోయింది. కారణం దేవుడి గురించి ఆయన అభిప్రాయాలే. ఆ తర్వాత మచిలీపట్నం హిందూ కాలేజీలో చేరారు, కొన్నేళ్లకి అదీ వదలాల్సి వచ్చింది. చివరికి కృష్ణా జిల్లా ముదునూరు చేరి 1940 ఆగస్టు 10న అక్కడ నాస్తిక కేంద్రం పెట్టారు. 1947లో అది విజయవాడకి మారింది. ఈ రోజుకీ పటమటలో ఉంది.

ముదునూరులో ఆయన చేసిన పని చూడండి. దేవుడు లేడని ఉపన్యాసాలు ఇచ్చి ఊరుకోలేదు. వయోజనులకి చదువు చెప్పారు. పల్లెలోకి వెళ్లి తిన్నారు, పల్లెవాళ్లని పిలిచి తన పంక్తిలో కూర్చోబెట్టారు. పౌర్ణమి రోజుల్లో అన్ని కులాలవాళ్లతో సహపంక్తి భోజనాలు పెట్టేవారు. పౌర్ణమి అంటే మనకేమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు, ఆయన మాత్రం వెన్నెల ఉంటుందని ఆ రోజు ఎంచుకుని ఉంటారు, కరెంటు లేని ఊళ్లు కదా!

అసలు సంగతికి వస్తాను. గోరా 1930లోనే గాంధీకి ఉత్తరం రాశారు. దేవుడు అనే మాటకి మీరు చెప్పే అర్థం ఏమిటి అని అడిగారు. దేవుడు మనిషి ఊహకి అందనివాడని గాంధీ జవాబు. అందనిదాన్ని పట్టుకుని ఇంత రాజకీయం ఎలా నడుస్తోందో అని మనకి అనిపిస్తుంది. 1941లో మళ్లీ రాశారు. ఈసారి ముదునూరు అనుభవం చేతిలో ఉంది. నాస్తిక దృష్టితో పనిచేస్తే అంటరానితనం తొందరగా పోతోంది, వచ్చి మీతో మాట్లాడతానన్నారు. గాంధీ ఒప్పుకోలేదు. నాస్తికత్వమంటే తనని తాను కాదనుకోవడమేనని, దాన్ని ప్రచారం చేసి గెలిచినవాళ్లు లేరని తేల్చేశారు. గోరా వదల్లేదు. గాంధీ జైలు నుంచి విడుదలైన తర్వాత మళ్లీ అడిగితే, 1944 చివర్లో సేవాగ్రాం రమ్మని పిలుపు వచ్చింది.

ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం. మీ మనసులో ఏముందో నాకు తెలుసు. 1932 పూనా ఒప్పందం మనం మర్చిపోయే విషయం కాదు. గోరా సేవాగ్రాంలో కూర్చుని మాట్లాడుతున్న రోజుల్లోనే బాబాసాహెబ్, కాంగ్రెసు గాంధీ అంటరానివారికి ఏం చేశారో లెక్క తేలుస్తూ పెద్ద పుస్తకం తెచ్చారు, 1945లో అది అచ్చయింది. మనల్ని పిలవడానికి గాంధీ వాడిన పేరుని కూడా మనం ఒప్పుకోం. అలాంటి చోటికి అంటరానితనం గురించి మాట్లాడటానికి వెళ్లడమేమిటి? ప్రశ్న న్యాయమైనదే. గోరా గాంధీ మనిషి కూడా, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకి వెళ్లినవాడు. ఆ గౌరవం ఆయనకి ఎప్పుడూ పోలేదు. నేను దాన్ని సమర్థించను, దాచిపెట్టను. ఆయన ఏ ప్రశ్న పట్టుకుని వెళ్లారో మాత్రం చూద్దాం.

దేవుడు లేనివాడితో నేనేం మాట్లాడతానని గాంధీ మొదట్లోనే పరిహాసమాడారట. మాటలు సాగాయి. నాస్తికత్వం ఎందుకు కావాలంటావు అని గాంధీ సూటిగా అడిగారు. ఇలాంటి చోట మనలో చాలామంది సృష్టి ఎలా మొదలైంది, వేదాల్లో ఏముంది అని మొదలుపెడతాం. గోరా అటు పోలేదు. కలకత్తా వీధుల సంగతి చెప్పారు.

1943 బెంగాల్ కరువు. లక్షల మంది చచ్చిపోయిన కరువు. గోరా ఆ కలకత్తాని కళ్లారా చూశారు. పల్లెల నుంచి వచ్చినవాళ్లు ఆకలితో పేవ్‌మెంట్ల మీద పడి ఉన్నారు. పక్కనే మిఠాయి దుకాణాలు, పళ్ల దుకాణాలు. అద్దాల వెనక తిండి కనిపిస్తూనే ఉంది. ఆ తిండి వంక చూస్తూ చూస్తూ జనం ప్రాణాలు వదిలారు గానీ చెయ్యి చాపి తీసుకోలేదు. తినేవాడు తింటూనే ఉన్నాడు, చచ్చేవాడు చస్తూనే ఉన్నాడు. చచ్చేవాడు నా కర్మ అనుకున్నాడు, తినేవాడు వాడి కర్మ అనుకున్నాడు. ఇద్దరూ దేవుడి మీద భారం వేశారు. ఈ నమ్మకం లేకపోయి ఉంటే ఇద్దరూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకునేవాళ్లు, సాటి మనిషిగా జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. నాస్తికత్వం ఇందుకు కావాలి అని గోరా వాదన.

చూశారా, ఆయన దేవుడితో తగువు పెట్టుకోలేదు. నమ్మేవాడి నమ్మకం వాడి గుండెలోనే ఉంటే ఎవరికీ పేచీ లేదు. అది అక్కడ ఉండదు. బావి దగ్గరికి వస్తుంది, పంక్తిలోకి వస్తుంది, పెళ్లి సంబంధంలోకి వస్తుంది. మన ముత్తాతలు గుడిలోకి వెళ్లలేదు, ఆ దేవుణ్ణి దగ్గర్నుంచి చూసిందీ లేదు. అయినా ఆ దేవుడి పేరు మీదే ఊరి బయట బతికారు. మనం నమ్మినా నమ్మకపోయినా వాళ్ల నమ్మకం ఖర్చు మనమే కట్టాం. అలాంటప్పుడు ఆ నమ్మకం గురించి మాట్లాడే హక్కు మనకి లేదనడం ఏం న్యాయం?

బాబాసాహెబ్ కూడా నమ్మేవాళ్లతో మాట్లాడటం మానలేదు. 1935లో యేవలాలో హిందువుగా చావనని ప్రకటించిన తర్వాత కూడా, 1936లో లాహోరు సంస్కర్తల సభ కోసం కులనిర్మూలన ఉపన్యాసం రాశారు. శాస్త్రాల పెత్తనం పోకుండా కులం పోదని అందులో ఉంది. వాళ్లు భయపడి సభే రద్దు చేసుకున్నారు. ఆయన సొంత డబ్బుతో అచ్చు వేయించారు. గాంధీ విమర్శిస్తే దానికీ జవాబు రాశారు.

ఇంకా వెనక్కి వెళితే తథాగతుడే ఉన్నాడు. వాసెట్ఠుడు, భారద్వాజుడు అనే ఇద్దరు బ్రాహ్మణ యువకులు బ్రహ్మని చేరే దారి ఏదో తేల్చుకోలేక ఆయన దగ్గరికి వచ్చిన కథ తేవిజ్జ సుత్తంలో మీరు వినే ఉంటారు. బాబాసాహెబ్ కూడా తన బుద్ధుడు–ధమ్మం గ్రంథంలో ఈ సంభాషణని తీసుకున్నారు. సృష్టికర్తని ఒప్పుకోని బుద్ధుడు వాళ్లని పొమ్మనలేదు. మీరు గానీ, మీ గురువులు గానీ, ఏడు తరాల వెనక గురువులు గానీ బ్రహ్మని చూశారా అని అడిగాడు. చూడలేదన్నారు. అక్కడితో గెలిచానని లేచిపోలేదు. మాటని మెల్లగా మైత్రి వైపు, కరుణ వైపు, మనిషి నడవడిక వైపు తిప్పాడు. నాకు తోచినంతవరకు గోరా కలకత్తా కథ కూడా ఆ దారిలోదే.

సేవాగ్రాంలో ఏం జరిగిందో పూర్తిగా చెప్పాలి. గోరా రోజూ సాయంత్రం ప్రార్థన దగ్గర కూర్చునేవారు. ఆశ్రమం క్రమశిక్షణ కాబట్టి కూర్చున్నారు, నోరు కదిపి ప్రార్థన చేయలేదు. గాంధీ నాస్తికుడు కాలేదు, గోరా ఆస్తికుడు కాలేదు. కానీ నా ఆస్తికత్వమే ఒప్పు, నీ నాస్తికత్వం తప్పు అని తాను అనలేనని, ఇద్దరం సత్యాన్ని వెతికేవాళ్లమేనని గాంధీ చెప్పే దాకా వచ్చింది. 1941లో రాసిన ఉత్తరానికీ దీనికీ ఎంత దూరమో మీరే చూడండి.

మాటల్లో వచ్చిన మార్పు కంటే పెద్దది ఇంకొకటి ఉంది. గోరా తన పెద్ద కూతురు మనోరమని అర్జునరావు అనే దళిత యువకుడికి ఇవ్వాలని నిశ్చయించారు. కులం పోవాలని ఊరంతా తిరిగి చెప్పి, ఇంట్లో పిల్ల పెళ్లి దగ్గరికొచ్చేసరికి సొంత కులం వెతుక్కునే సంస్కర్తలు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గోరా అలా చేయలేదు. ఆ పెళ్లి సేవాగ్రాంలో తానే జరిపిస్తానని గాంధీ మాట ఇచ్చారు. అర్జునరావు కొంతకాలం ఆశ్రమంలో ఉన్నారు. పెళ్లి ప్రమాణంలో దేవుడి పేరు వస్తే ఈ కుటుంబం ఒప్పుకోదు కదా? దేవుడి పేరుకి బదులు సత్యం పేరు మీద ప్రమాణం ఉండటానికి గాంధీ ఒప్పుకున్నారు. రోజుకి రెండు పూటలా ప్రార్థన చేసే మనిషి, ఒక పెళ్లిలోంచి దేవుణ్ణి తీసేయడానికి ఒప్పుకున్నారు! నాలుగు రోజులు కూర్చుని మాట్లాడకపోతే ఇది జరిగేదా?

1948 జనవరి 30న గాంధీ హత్య జరిగింది. చంపినవాడు దేవుణ్ణి నమ్మనివాడు కాదని గుర్తుపెట్టుకోండి. అనుకున్న ప్రకారం మార్చి 13న సేవాగ్రాంలోనే మనోరమ, అర్జునరావుల పెళ్లి జరిగింది. గాంధీతో జరిగిన ఈ మాటలన్నీ గోరా ఇంగ్లీషులో చిన్న పుస్తకంగా రాస్తే, 1951లో గాంధీ స్థాపించిన నవజీవన్ ప్రచురణ సంస్థే అచ్చు వేసింది.

1960లో గోరా కొడుకు లవణం, మహాకవి గుర్రం జాషువా కూతురు హేమలతని పెళ్లి చేసుకున్నారు. గబ్బిలం రాసిన జాషువా, పంక్తిలో అవమానాలు పడ్డ జాషువా. తర్వాత లవణం, హేమలత దంపతులు స్టూవర్టుపురంలో పనిచేశారు. నిజామాబాదు పల్లెల్లో జోగినుల విముక్తి కోసం తిరిగారు. జోగిని అంటే తెలుసు కదా, మన పిల్లల్నే దేవుడికిచ్చి పెళ్లి చేసి ఊరికి వదిలేయడం. అక్కడికి వెళ్లి దేవుడి సంగతి మాట్లాడకుండా ఆ పిల్లని ఎలా కాపాడతాం?

గోరా మిగతా పనులు చాలా ఉన్నాయి. పార్టీలు లేని ప్రజాస్వామ్యం కావాలన్నారు, ఎన్నికల్లో నిలబడ్డారు, 1961–62లో సేవాగ్రాం నుంచి ఢిల్లీ దాకా నడిచారు. అవి వేరే పుస్తకానికి సరిపోతాయి. ఒక్కటి మాత్రం చెప్తాను. 1972లో విజయవాడలో అందరినీ పిలిచి గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి విందు పెట్టారు. హిందువు ఒకటి తినడు, ముస్లిం ఒకటి తినడు, రెండూ ఒకే పంక్తిలో వడ్డించారు. ఊళ్లో పెద్ద గొడవ అయింది. మన తిండిని చూసి ముక్కు మూసుకునే దేశంలో అది చిన్న విషయం కాదు.

మనతో ఆయనకి తేడా లేదా అంటే ఉంది. హిందూ, ముస్లిం, క్రైస్తవ పేర్లతో పాటు బౌద్ధ అనే పేరు కూడా అక్కర్లేదనే మనిషి ఆయన. మనిషికి నీతి కావాలి, నీతికి ధమ్మం కావాలి అని బాబాసాహెబ్ చెప్పారు. సేవాగ్రాంకి ఎంతో దూరం లేని నాగపూర్‌లో 1956 అక్టోబరు 14న లక్షల మందితో ఆ దారి పట్టారు. నేను ఆ దారిలోనే ఉన్నాను. కానీ గోరాలాంటి మనిషి ఒకరు రేపు మన విహారానికి వచ్చి, ఏప్రిల్ 14న విగ్రహానికి కొబ్బరికాయ కొడుతున్నారేమిటి, బాబాసాహెబ్ ఫోటోకి కుంకుమ ఎందుకు అని అడిగితే మనం ఏం చెప్తాం? నువ్వు నమ్మవు కదా, నీకెందుకు అంటామా? భక్తులు మనల్ని అన్న మాటే అది. కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆయన చెప్పేది వినాలి. జవాబు ఉంటే చెప్పాలి, లేకపోతే ఆ కొబ్బరికాయ మానాలి.

1975 జూలై 26న విజయవాడలో ఒక బహిరంగ సభ. పల్లెల్లో మార్పు గురించి గోరా మాట్లాడుతున్నారు. అప్పటికి ఆయనకి 72 ఏళ్లు. మాట్లాడుతూ మాట్లాడుతూ అక్కడే ఒరిగిపోయారు. ఆయన తర్వాత నాస్తిక కేంద్రాన్ని సరస్వతి గారు, పిల్లలు నడిపారు. 10 ఏళ్ల వయసులో పెళ్లి పీటల మీద కూర్చున్న ఆమె, ఆయన పోయాక ఇంకో 31 ఏళ్లు బతికి ఆ పని చేశారు.