తలుపు తెరచిన వంశము

మత్తయి సువార్త మొదటి అధ్యాయములోని వంశావళిని మనలో అనేకులము చదువక దాటిపోవుదుము. అయితే ఆ పేర్ల వెనుక జీవితములున్నవి. అట్లే అమెరికాలోని కాఫిన్ వంశమును ఈ నెల జ్ఞాపకము చేసికొందము.

ట్రిస్ట్రమ్ కాఫిన్ 1642లో ఇంగ్లాండునుండి మాసచూసెట్సుకు వచ్చి, తరువాత నాన్‌టకెట్ ద్వీపమున స్థిరపడెను. అతని కుమార్తె మేరీ స్టార్‌బక్ క్వేకరు విశ్వాసము నంగీకరించగా ఆమె యింటనే ఆరాధన కూటములు జరిగెను. ఆ వంశమువాడే లీవై కాఫిన్. 1798లో నార్త్ కరొలైనాలో జన్మించెను.

బాల్యమందే సంకెళ్లతో నడిపింపబడు బానిసలను చూచి అతని హృదయము కరగెను. 1821లో అతడు బానిసలకు బైబిలు చదువ నేర్ప పూనుకొనగా యజమానులు ఆ బడిని మాన్పించిరి. 1826లో ఇండియానాలోని న్యూపోర్టుకు వెళ్లి దుకాణము పెట్టెను. అక్కడ అతడును భార్య కేథరిన్‌యు పారిపోయి వచ్చినవారికి రాత్రివేళ తలుపు తీసి, అన్నవస్త్రములిచ్చి, ముందుకు సాగనంపిరి. ఇట్లు సుమారు 2,000 మంది విడుదల మార్గమున సాగిరని చెప్పుదురు. కొందరు అతని దుకాణమునకు వచ్చుట మానిరి. స్వంత సంఘమే ఈ సంగతిపై 1843లో చీలిపోయెను. అయినను అతడు వెనుదీయలేదు. 1865లో బానిసత్వము రద్దగుట కన్నులార చూచి, 1877లో మృతిపొందెను.

ప్రియులారా, ద్వితీయోపదేశకాండము 23:15 చదువుడి. పితరుల విశ్వాసము పొలమువలె వ్రాయించుకొను ఆస్తి కాదు. ప్రతి తరమువారును దానిని చేసి చూపవలెను. అర్ధరాత్రి మన తలుపు తట్టువానికి మనము తీయుదుమా?